నా పేరిట వెలసిన ఉబ్బు

1961 జూలై 30, ఆదివారం. రువొనలహ్తి బడి, పై గది.

ఈ పుస్తకం స్వంత దినచర్యకు ఉద్దేశించినది. అయినప్పటికీ దీనిని క్షేత్ర పుస్తకం రాసే పద్ధతిలోనే రాయాలని ఇందుమూలంగా నిర్ణయించడమైనది. గట్టి పెన్సిలు వాడాలి. రబ్బరు వాడరాదు. తప్పు రాస్తే దానిమీద ఒకే ఒక్క గీత కొట్టాలి. గీత కింది మాట స్పష్టంగా కనిపిస్తూ ఉండాలి. మనిషి ఏది దాచబోయాడో తెలియకుండా పోతే తప్పు చేసిన ప్రయోజనమే నెరవేరదు. ప్రతి కొలతా రెండుసార్లు తీయాలి: ఉదయం ఒక దిశలో, సాయంత్రం ఎదురు దిశలో. రెంటికీ తేడా వస్తే ముందుగా వాతావరణాన్ని, పిమ్మట సహాయకుణ్ణి, చిట్టచివర తనను అనుమానించాలి. ఈ వరుస మా భూమాపన సంస్థ నియమాల చేతిపుస్తకంలో లేదు; ఇరవై అయిదేళ్ల సర్వీసులో ఆచారంగా స్థిరపడింది. ఉద్వేగాలు రిమార్కుల గడిలోనే ఉండాలి, రెండు పంక్తులకు మించరాదు.

రిమార్కులు: ఆగస్టు 20న నాకు యాభై నిండుతాయి. పూలగుత్తులతో ఎవరూ రాకుండా రివాజు ప్రకారం పేపరులో ప్రకటన వేయించాను: "నా పుట్టినరోజున ప్రయాణంలో ఉంటాను." ఈ దేశంలో యాభై నిండే మగవాళ్లందరూ ఆ రోజు ప్రయాణంలోనే ఉంటారు; సగంమంది తమ కట్టెల కొట్టం దాకా.

జూలై 31.

పని మొదలైంది: తీరం వెంట నేల ఎత్తు కొలవడం. నేను యంత్రంలోంచి కొలకర్రమీది అంకె చదివి పైకి చెబుతాను. సహాయకురాలు సైమా హౌతకోస్కి గారు విని రాసుకుంటారు. పంతొమ్మిది వేసవులుగా ఇదే. ఎవెర్త్ కొలకర్ర పట్టుకుంటాడు. అరవై ఏళ్లవాడు, రోజుకు మూడు వాక్యాలు మాట్లాడతాడు, అందులో రెండు దోమల గురించి.

బండలో ఎత్తు గుర్తుగా బిగించిన 316వ బోల్టు నుంచి 318వ బోల్టు దాకా ఇరవై రెండు కిలోమీటర్లు. నడుమ నా 317.

ఈ దేశం పదివేల ఏళ్ల కిందట నెత్తిన మోసిన మంచు బరువు కరిగిపోయినా ఇంకా నడుం నిఠారు చేసుకుంటూనే ఉంది. ఈ తీరమంతా ఏడాదికి ఎనిమిది మిల్లీమీటర్లు లేస్తుంది. రువొనలహ్తి ఒక్కటే పది లేస్తుంది. ఆ సంగతి కనుగొన్నది నేను. 1936లో బోల్టు వేసి కొలిచాను. 1952లో మళ్లీ కొలిస్తే ఇరుగుపొరుగు బోల్టులకంటే ముప్పై రెండు మిల్లీమీటర్లు ఎక్కువ లేచి ఉంది. 316 నుంచి 318 దాకా గుట్టలా నునుపైన గీత ఒకటి గీశాను. పాఠ్యపుస్తకాల్లో దాని పేరు వెస్తెరినెన్ ఉబ్బు. వెస్తెరినెన్ అంటే నేను. మనిషి పేరు పర్వతానికో జబ్బుకో పెడతారు. నాది ఆ రెంటికీ మధ్యస్థం.

శీతాకాలంలో ప్రొఫెసర్ పదవికి ఎంపిక జరుగుతుంది. దరఖాస్తులో నా అర్హతల గడిలో ఒకే మాట ఉంది. పైన చెప్పిన మాటే.

ఆగస్టు 2.

ఊరి మొగలో కొత్త బోర్డు: "ఫిన్లాండులోకెల్లా వేగంగా లేచే ఊరు." కింద సోడా దుకాణం. దాని పేరు ఉబ్బు.

సాయంత్రం గ్రామసంఘం అధ్యక్షుడు హెర్మన్ని రౌతియో బడికి వచ్చాడు. టోపీ చేతిలో పట్టుకుని, అయిదు నిమిషాలు కిటికీలోంచి వాన వస్తుందా రాదా అని చూసి, అప్పుడు విషయానికి వచ్చాడు.

"పేపర్లో చూశాం, డాక్టరు గారూ. ఇరవయ్యో తారీకున ప్రయాణంలో ఉంటారట."

"అవును. ఉంటాను."

"ఎక్కడికండీ ప్రయాణం?"

"ఇక్కడికే."

"అదే మేమూ అనుకున్నాం. ఉన్నచోటే ప్రయాణంలో ఉన్నారు గనక మాకూ వీలే. ఆ రోజు మీ బోల్టున్న రాయికి ఫలకం వేస్తున్నాం. బ్యాండుంది. జిల్లా కచ్చేరీ నుంచి ఒకాయన వస్తున్నాడు. ఏం పాడాలో కూడా నిర్ణయమైపోయింది."

"నేను పుట్టినరోజులు చేసుకోను, రౌతియో గారూ."

"మీరెందుకు చేసుకోవడం? మేం చేస్తాంగా. మీరు నిలబడితే చాలు."

వెళ్లేముందు ఊరి పటం చూపించాడు. సముద్రంలో గీతలు. 2050లో నీళ్లలోంచి తేలబోయే పచ్చికబయలు అది. నా లెక్క ప్రకారం వాటాలు వేసుకున్నారు. దానిమీద పెర్త్తూల ఇంటి అన్నదమ్ములు కుస్తి, వాలెంతీన్ 1957 నుంచి మాట్లాడుకోవడం లేదు. ప్రస్తుతం అక్కడ నీటి లోతు ఎనభై ఆరు సెంటీమీటర్లు.

రిమార్కులు: విజ్ఞానం ప్రజల జీవితంలోకి ఇంతగా చొచ్చుకుపోవడం సంతృప్తికరం.

ఆగస్టు 5, శనివారం.

317 చేరాం. ఊహించినట్టే మరో పంతొమ్మిది మిల్లీమీటర్లు ఎక్కువ లేచింది. ఉబ్బు ఆరోగ్యంగా ఉంది.

అయితే 1952లో సైమా గారు పట్టుబట్టి 317కు అటు నాలుగు వందల మీటర్లకు ఒకటి, ఇటు నాలుగు వందల మీటర్లకు ఒకటి అదనపు బోల్టులు వేయించారు. అవి రెండూ తీరమంతా లేచినంతే లేచాయి. ఎక్కువ లేచింది సున్న.

ఈ లెక్కన ఉబ్బు వెడల్పు ఇరవై రెండు కిలోమీటర్లు కాదు. ఎనిమిది వందల మీటర్ల లోపు.

[కొట్టివేత: రాయి అడ్డకొలత ఒకటిన్నర మీటరు.]

ఆగస్టు 6.

ఎండ ఎక్కువగా ఉండింది. గాలి మరిగి అంకెలు ఊగాయి.

ఆగస్టు 7.

మబ్బు. మళ్లీ కొలిచాం. పంతొమ్మిది.

ఎవెర్త్ కొలకర్ర వంచి పట్టుకున్నాడేమోనని గద్దించాను. వాడు కర్రకున్న మట్టం బుడగ చూపించి, "మధ్యలోనే ఉందండీ," అన్నాడు. రోజు కోటాలోంచి ఒక వాక్యం వృథా అయినందుకు నొచ్చుకున్నట్టు కనిపించాడు.

ఆగస్టు 8.

సందేహ నివృత్తి కోసం నమోదు చేస్తున్నాను. బోల్టు తల్లిబండలోనే వేయాలి; నేలమీద కూర్చున్న విడి గుండులో వేయరాదు, ఎందుకంటే కింది బంకమట్టి ప్రతి చలికాలం గడ్డకట్టి గుండును ఎత్తుతుంది. ఏది బండో ఏది గుండో తెలియాలంటే పక్కన అర మీటరు తవ్వి చూడాలి.

1936 జూన్‌లో 317 దగ్గర నేను తవ్వాను.

ఆగస్టు 9.

తవ్వించాను. 1936లో కూలి మనుషులు ఉండేవారు.

నివేదికలో ఒక వాక్యం చిత్తుప్రతి తయారైంది: "1952 నాటి రెండు అదనపు బోల్టులు అస్థిరంగా ఉన్నట్టు తోచుచున్నందున వాటి విలువలు పరిగణనలోకి తీసుకోబడలేదు." వాక్యం బాగుంది. కర్త లేడు. ఎవరికీ నొప్పి లేదు.

ఆగస్టు 10.

క్షేత్ర పుస్తకంలో ప్రతి పేజీ అడుగున రెండు సంతకాలు ఉండాలి: చదివినవారిది, రాసినవారిది. నా సంతకం పెట్టి చిత్తువాక్యం జతచేసి సైమా గారి ముందు ఉంచాను. ఆవిడ రై రొట్టెమీద ఉప్పుచేప పెట్టుకుంటున్నారు. చదివారు. రొట్టె పక్కన పెట్టారు.

"అస్థిరంగా ఉన్నది నా బోల్టులా, డాక్టరు గారూ?"

"తోచుచున్నది అన్నాను. ఉన్నది అనలేదు."

"నేను అర మీటరు తవ్వించాను. రెండుచోట్లా. ఫొటో కూడా ఉంది, ఎవెర్త్ పార పట్టుకుని నిలబడ్డాడు. పెళ్లికొడుకులా దువ్వుకున్నాడు కూడా."

"ఫొటోలో లోతు తెలియదు."

"మీ ఫొటో చూపించండి మరి."

"1936లో ఫిల్ము కొరతగా ఉండేది."

"పార కూడా కొరతేనా?"

నా హోదాకు తగినట్టు పెన్సిలు చెక్కుకున్నాను. ఆవిడ పుస్తకం మూసి నావైపు జరిపారు.

"పంతొమ్మిదేళ్లుగా మీరు చదివింది నేను విని రాస్తున్నాను. ఇది మీరు చదివింది కాదు. అందుకని నాకు వినబడలేదు. సంతకం పెట్టను."

రిమార్కులు: మంచి సహాయకురాలు. వినికిడి కొంత తగ్గినట్టుంది.

ఆగస్టు 11.

పార ఉండింది. ఆ మాట ఖాయం. బండిలో ఉండింది.

ఆగస్టు 12, శనివారం.

ఉదయం ఎనిమిదింటికి సైమా గారు, ఎవెర్త్ కనబడలేదు. 317 దగ్గర ఉన్నారు. రాయి పక్కన గొయ్యి తవ్వి ఉంది. సైమా గారు చిన్న లెవెల్ గొట్టాన్ని రాతిమీద పెట్టి మోకాళ్లమీద కూర్చుని దాని బుడగ చూస్తున్నారు. ఎవెర్త్ గొయ్యిలో నిలబడి గడ్డపార రాతికిందికి దోపాడు.

"అధికారిక బిందువును గడ్డపారతో తాకడం నేరం," అన్నాను.

"తాకడం లేదు," అన్నారు సైమా గారు. "పలకరిస్తున్నాం. కానివ్వు ఎవెర్త్."

ఎవెర్త్ గడ్డపారమీద వాలాడు. పెద్దగా కాదు, అలిసిపోయిన మనిషి గేటుమీద వాలినంత.

"ఊగుతోంది," అన్నాడు.

నేను వంగి చూశాను. రెండుసార్లు చూశాను, ఎదురెదురు దిశల నుంచి. బుడగ కదిలింది. తల్లిబండ గడ్డపారకు తల ఊపదు.

గొయ్యిలోకి చూశాను. అర మీటరు లోతున రాయి అడుగు గుండ్రంగా లోపలికి తిరిగిపోయింది, కోడిగుడ్డు అడుగులాగా. దాని కింద నీలిరంగు బంకమట్టి. ప్రపంచ పాఠ్యపుస్తకాల్లోని ఒక ఉబ్బుకు తొమ్మిదేళ్లుగా ఆధారం ఆ మట్టి.

ఎవెర్త్ దోమల గురించి ఒక మాట అన్నాడు. ఈ తీరంలో అది మర్యాద.

ఆగస్టు 13.

పార బండిలోంచి దిగలేదు.

ఆగస్టు 15.

అధ్యక్షుడికి చెప్పడానికి వెళ్లాను. సంఘం గదిలో ఫలకం బల్లమీద పెట్టి ఉంది, మసి తుడుస్తున్నాడు. "ఈ శిల ఫిన్లాండులోకెల్లా వేగంగా లేచుచున్నది. కనుగొన్నవారు డా. తౌనో వెస్తెరినెన్." అక్షరాలు లోతుగా చెక్కారు. ఆకురాయి పెట్టినా పోవు.

"రౌతియో గారూ, కొలతల్లో ఒక చిన్న విషయం తేలింది."

"తగ్గిందా?" ఆయన గుడ్డ ఆపాడు.

"తగ్గలేదు. రాయి లేస్తూనే ఉంది."

"హమ్మయ్య. మొన్న పిల్లల బ్యాడ్జీలు కూడా అచ్చయ్యాయి. వాలెంతీన్ అయితే పచ్చికకు కంచె కర్రలు కూడా కోసి ఆరబెట్టాడు."

"ఇంకా తొంభై ఏళ్లు ఉంది కదా."

"బాగా ఆరాలిగా మరి."

వచ్చేశాను. చెప్పానని రాయడానికి వీలుందా అని ఆలోచించాను. "రాయి లేస్తూనే ఉంది" అన్న వాక్యం పూర్తిగా సత్యం. [కొట్టివేత: సత్యంలో ఈ భాగం చాలు.]

ఆగస్టు 18.

దారులు మూడు ఉన్నాయి.

ఒకటి: సైమా గారి బోల్టులు తప్పు అని రాయడం. ఆవిడ సంతకం లేకుండా పేజీ చెల్లదు. అయితే రాసినవారు అనారోగ్యం పాలైతే చదివినవారి సంతకం ఒక్కటే చాలునని చేతిపుస్తకంలో 27వ నియమం. ఆవిడ ఎన్నడూ అనారోగ్యం పాలవలేదు. వినికిడి తప్ప. వినికిడి అని రాస్తే ఆవిడకు ఇక క్షేత్రపు పని ఇవ్వరు. కింది అంతస్తులో లెక్కల గదికి పంపుతారు.

రెండు: ఉబ్బుకు నిర్వచనం సవరించడం. ఒకటిన్నర మీటరు ఉబ్బు కూడా ఉబ్బే.

మూడోది రాయబోతే పెన్సిలు మొన విరిగింది.

ఆగస్టు 19.

మొదటి దారికి సంబంధించిన ఫారం నింపాను. ఆవిడ పేరు, పుట్టిన తేదీ, సర్వీసు: పంతొమ్మిదేళ్లు. కారణం గడి దగ్గర ఆగాను. కిటికీ కింద ఆవిడ ఎవెర్త్‌కు సోమవారపు కొలతలు చెబుతున్నారు, గుసగుసగా. వాడు అంతకంటే గుసగుసగా జవాబిచ్చాడు. ఆవిడ ప్రతి అక్షరం విన్నారు.

ఫారం పొయ్యిలో వేశాను. రబ్బరు వాడరాదన్న నియమానికి పొయ్యి విరుద్ధమా కాదా అన్నది తరువాత పరిశీలించాలి.

ఆగస్టు 20, ఆదివారం. పుట్టినరోజు. ప్రయాణంలో ఉన్నాను: బడి నుంచి రాయి దాకా, ఒక కిలోమీటరు.

హాజరు: నూట నలభై మంది, బ్యాండువాళ్లు అయిదుగురు, జిల్లా కచ్చేరీ ప్రతినిధి, అందరికంటే ముందు వరసలో కుర్చీలో ఎనభై నాలుగేళ్ల లొవీసా అవ్వ. రాయి పక్కింట్లో పుట్టిందీ పెరిగిందీ ఉన్నదీ ఆవిడే. కుస్తి కుడి అంచున, వాలెంతీన్ ఎడమ అంచున నిలబడ్డారు. సైమా గారు వెనక, బ్యాండు డప్పు పక్కన. సంతకం లేని పుస్తకం ఆవిడ చంకలో ఉంది.

పాట అయింది. ప్రతినిధి ముప్పై నిమిషాలు మాట్లాడి ఉబ్బును దేశపు సహనంతో పోల్చాడు. గుడ్డ తొలగించారు. నన్ను మాట్లాడమన్నారు.

జేబులో ప్రసంగం ఉంది. తీయలేదు.

"ఈ రాయి," అన్నాను, "లేస్తోంది. మీ ఊరు మాత్రం పక్క ఊరు లేచినంతే లేస్తోంది. ఇది తల్లిబండ కాదు, విడి గుండు. కింద మట్టి గడ్డకట్టినప్పుడల్లా పైకి జరుగుతోంది. 1936లో నేను తవ్వి చూసి ఉంటే తెలిసేది. తవ్వలేదు. మొన్న ఈ సంగతి బయటపెట్టింది హౌతకోస్కి గారు. ఆవిడ బోల్టులే సరైనవి. ఉబ్బు లేదు. ఉన్నది నేనే."

డప్పువాడు కర్ర జారవిడిచాడు, ఒక్కసారి మోగింది.

ప్రతినిధి నా వైపు వంగాడు. "ఎందుకు తవ్వలేదు, డాక్టరు గారూ? కొండంత చదువు చదివారు."

ఈ ప్రశ్నకు ఇరవై అయిదేళ్లుగా నా దగ్గర వాన అనీ, బంకమట్టి అనీ, సమయాభావం అనీ మూడు జవాబులు ఉండేవి.

"కాఫీకి పిలిచారు," అన్నాను.

"పిలిచింది నేనే!" ముందు వరసలోంచి లొవీసా అవ్వ గొంతు. "గుర్తొచ్చిందిరా నాయనా! నువ్వా ఆ బక్కోడివి! బండి పక్కన నిలబడ్డావు, మొహం నిండా దోమకాట్లు. చల్లారిపోతుంది రా బాబూ అని కేకేశాను. పార బండిలోనే వదిలేసి పరుగెత్తుకొచ్చావు. నాలుగు కప్పులు తాగావు, యాలకుల బన్ను మొత్తం నువ్వే తిన్నావు. రాతి కింద చూడాలని నాకేం తెలుసు? అడిగితే నేనే చెప్పేదాన్ని కదా, మా తాత దాన్ని గుర్రాలతో లాగించి పొలంలోంచి ఇక్కడికి తెచ్చి పడేశాడని!"

నూట నలభై మంది నా వైపు చూశారు. నన్నెవరో నిందించబోతున్నారనుకున్నాను. ఈ తీరంలో కాఫీకి పిలిస్తే వెళ్లకపోవడమే తప్పు. వెళ్లినవాణ్ణి ఏమనాలో వాళ్లకు పాలుపోలేదు.

ఎడమ అంచు నుంచి వాలెంతీన్ గొంతు: "అయితే పచ్చిక?"

"ఆలస్యమవుతుంది. ఇరవై రెండేళ్లు."

వాలెంతీన్ కుడి అంచు వైపు చూశాడు. నాలుగేళ్ల తరువాత మొదటిసారి. "విన్నావా, కుస్తీ? ఇంకా ఇరవై రెండేళ్లట."

"విన్నాను," అన్నాడు కుస్తి. "నీ కర్రలు పుచ్చిపోతాయి."

అధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు. "ఇప్పుడు రాయి లేస్తోందా లేదా, డాక్టరు గారూ? ఆ ఒక్కటి చెప్పండి."

"లేస్తోంది."

"ఫిన్లాండులో అన్నిటికంటే?"

"కొలిచిన వాటన్నిటికంటే."

"ఫలకంలో అంతకుమించి ఏమీ లేదు కదా. ఉంటుంది. మీ పేరూ ఉంటుంది, లోతుగా చెక్కేశాం. ఎవరైనా అడిగితే, తవ్వనిది ఈయనేనని చెప్తాం."

బ్యాండు మళ్లీ అందుకుంది. కాఫీ ఇచ్చారు. చేతిలో కప్పు పట్టుకుని రాతి చుట్టూ ఒకసారి తిరిగాను. పాఠ్యపుస్తకాల్లోంచి, దరఖాస్తులోంచి, నాలోంచి ఇరవై రెండు కిలోమీటర్లు దిగిపోయాయి. తేలికగా ఉంది. బాగా లేదు, కానీ తేలికగా ఉంది.

ఆగస్టు 21.

నిజం రాసిన కొత్త పేజీ తయారు చేశాను. సైమా గారు చదివి, మారుమాట లేకుండా సంతకం పెట్టారు. పెన్సిలు దింపి, లేచి నిలబడి, చెయ్యి చాచారు.

"సైమా," అన్నారు.

ఈ దేశంలో 'గారు' మాని పేరు పెట్టి పిలుచుకుందామని ఆడవాళ్లే ముందు అనాలి. ఆవిడ పంతొమ్మిదేళ్లు ఆగారు.

"తౌనో," అన్నాను. చేతులు కలిపాం.

"సరే తౌనో, యంత్రం సర్దు. 318 దాకా ఇంకా పది కిలోమీటర్లుంది. నీ పుట్టినరోజు అయిపోయింది."

సెప్టెంబరు 11. హెల్సింకి.

సంస్థ నుంచి ఉత్తర్వు. ఉబ్బు పటంలోంచి తొలగించబడింది. ప్రొఫెసర్ పదవికి నా దరఖాస్తు వెనక్కి వచ్చింది. ఇకపై క్షేత్ర బృందానికి ముఖ్య పరిశీలకురాలు సైమా హౌతకోస్కి. ఆవిడ చదువుతారు, నేను విని రాయాలి. అదనంగా, జరిగినదానిని దృష్టిలో ఉంచుకుని చేతిపుస్తకానికి తగిన నియమం ఒకటి నేనే రాసి సమర్పించాలి.

సమర్పించాను. సైమా చదివి ఒక్క పదం కూడా మార్చలేదు. కింద రెండో సంతకం పెట్టింది. పాఠం ఇది:

"నియమం 43-బి. బోల్టు బిగించే ముందు శిల పక్కన అర మీటరు లోతు విధిగా తవ్వి చూడవలెను. తవ్వకం పూర్తికాకముందే ఎవరైనా కాఫీకి పిలిచినచో, సదరు కాఫీ ఇంకా కాచబడలేదని భావించవలెను. అప్పటికే తాగి ఉన్నచో, తాగలేదని భావించి, రెండవ కప్పును మొదటి కప్పుగా నమోదు చేయవలెను. నాలుగు కప్పులు తాగిన పరిశీలకుడు మూడే తాగినవాడగును. బన్ను లెక్కలోకి రాదు. చల్లారిన కాఫీ, గొయ్యి పూడ్చేవరకు, వేడిగా ఉన్నట్టే పరిగణించబడును. ఈ నియమం అంతిమం. దీనిపై పిలిచిన ఇల్లాలి అభ్యంతరం తప్ప మరే అభ్యంతరమూ స్వీకరించబడదు. ఆమె అభ్యంతరం స్వీకరించబడును గాని, గొయ్యి తవ్విన తరువాత, గొయ్యి వద్దనే, నిలబడి."